చెట్టు కొట్టే పనికి రేటు ఎలా చెప్పాలి? ఏ మిషన్ కొనాలి? రోజు ఖర్చు పూర్తి లెక్క

 

ఈ రోజు వీడియో చెట్ల పని చేసుకునే అన్నల కోసం, తమ్ముళ్ళ కోసం. అంటే సొంతంగా ఒక రంపం మిషన్ పెట్టుకుని, ఇద్దరు హెల్పర్లని వెంటేసుకుని, ఇళ్ళ దగ్గర, తోటల్లో, అపార్ట్‌మెంట్లలో కొమ్మలు కొట్టడం, చెట్లు దించడం చేసేవాళ్ళ కోసం. బయటి దేశాల్లో ఈ పని చేసేవాళ్ళని ట్రీ సర్జన్ అంటారు. మన దగ్గర "చెట్లు కొట్టే అతను" అంటారు. పేరు ఏదైనా ఎత్తు అదే, రంపం అదే, ప్రమాదం కూడా అదే.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను బీటెక్ చేసి సాఫ్ట్‌వేర్‌లో పని చేసి వచ్చినవాణ్ని. చెట్టు ఎక్కడం మీకు నేను నేర్పను, అది మీకే బాగా తెలుసు. కానీ ఆఫీసులో ఎస్టిమేషన్ అని ఒక పని ఉండేది. క్లయింట్‌కి రేటు చెప్పేముందు పని ఎంత, ఎన్ని గంటలు, ఎక్కడ తేడా రావచ్చు, ఇవన్నీ రాసుకునేవాళ్ళం. ఆ పద్ధతి చెట్ల పనికి పెడితే ఏం తేలుతుందో ఈ రోజు చూద్దాం. ఇందులో నేను వాడే రేట్లు లెక్క అర్థం కావడానికి తీసుకున్నవి. విజయవాడలో ఒకలా ఉంటాయి, నిజామాబాద్‌లో ఇంకోలా ఉంటాయి. మీ ఊరి రేట్లు మీరు వేసుకోండి. పద్ధతి మాత్రం ఏ ఊరికైనా ఇదే.

ముందు ఒక చిన్న లెక్క.

ఒక ఇంటి వెనకాల వేప చెట్టు ఉందనుకోండి. కొమ్మలన్నీ కొట్టాలి, రోజంతా పడుతుంది. ఓనర్ బేరం ఆడి ఆడి 3,500 రూపాయలు అన్నారు. మీరు సరే అన్నారు. సాయంత్రం ఇద్దరు హెల్పర్లకి 900 చొప్పున 1,800 ఇచ్చారు. పెట్రోల్, ఆయిల్ 600. బండి మీద పోయి రావడానికి, టీలకి 200. మీ జేబులో 900 మిగిలింది. "పర్లేదు, హెల్పర్‌తో సమానంగా వచ్చింది" అనుకుంటాం. కానీ ఆ రోజు మీ మిషన్ అరిగింది, చైన్ అరిగింది, బార్ అరిగింది. ఆ అరుగుదల 220 అనుకుంటే, ఎలా వచ్చిందో తర్వాత చెప్తాను, మీకు నిజంగా మిగిలింది 680. అంటే మిషన్ ఓనర్ మీరు, పైకి ఎక్కింది మీరు, పడితే పడేది మీరు. కింద కొమ్మలు లాగిన తమ్ముడికి 900, మీకు 680. తమ్ముడికి ఎక్కువ ఇచ్చారని కాదు నేను అనేది. మీ రేటులో మీరే లేరు అంటున్నాను.

ఇంకో విషయం గమనించారా? ఈ లెక్కలో హెల్మెట్ లేదు. బెల్ట్ లేదు. తాడు లేదు. ఎందుకంటే రేటు చెప్పేటప్పుడు వాటి గురించి ఎవరూ ఆలోచించరు. రేటులో లేని సామాను బ్యాగులోకి కూడా రాదు. ఈ రోజు వీడియోలో అసలు పాయింట్ ఇదే.

సరే, సామాను దగ్గరికి వద్దాం.

మొట్టమొదట కొనాల్సింది పెట్రోల్ మిషన్ అని చాలామంది అనుకుంటారు. నేనైతే మంచి చేతిరంపం అంటాను. వంకీ తిరిగిన, లాగితే కోసే రకం. మణికట్టు లావున్న కొమ్మ వరకు పైన కూర్చుని దాంతోనే కోయొచ్చు. స్టార్ట్ చేసే పని లేదు, పెట్రోల్ లేదు, ఎగిరి మీద పడదు. పైన చేసే పనిలో చాలా భాగం ఇలాంటి చిన్న కొమ్మలదే కదా.

తర్వాత చైన్ రంపం. ఆన్‌లైన్‌లో 58 సిసి, 22 అంగుళాల బార్ అని పది వేల లోపే మిషన్లు కనిపిస్తాయి. నంబర్ పెద్దది కాబట్టి పవర్ ఎక్కువ, డబ్బు తక్కువ అనిపిస్తుంది. కానీ కొమ్మలు కొట్టే పనికి అంత పొడవు బార్ అక్కర్లేదు. బార్ పొడుగైతే బరువు పెరుగుతుంది, దాని ముక్కు ఎక్కడ తగులుతుందో మీకు కనపడదు. ఇళ్ళ దగ్గర పనికి 30 నుంచి 45 సిసి, 14 నుంచి 18 అంగుళాల బార్ చాలావరకు సరిపోతుంది. ఉదాహరణకి స్టిల్ ఎంఎస్ 180 ఉంది, 31.8 సిసి, బార్ లేకుండా 4 కిలోల చుట్టుపక్కల బరువు. అదే కంపెనీలో ఎంఎస్ 250 అయితే 45.4 సిసి. హస్క్‌వర్నాలో కూడా ఈ సైజులు ఉన్నాయి. నేను ఏ కంపెనీకీ ప్రమోషన్ చేయడం లేదు, ఈ వీడియోకి స్పాన్సర్ ఎవరూ లేరు. బ్రాండ్ కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: మా ఊర్లో దీని స్పేర్ పార్టులు దొరుకుతాయా, బాగుచేసే మెకానిక్ ఉన్నాడా? పని మధ్యలో ఆగిన మిషన్ ఎంత చవగ్గా కొన్నా ఖరీదైనదే.

సెకండ్ హ్యాండ్ కొంటుంటే రెండు టెస్టులు. ఒకటి, ఇంజిన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు స్టార్టర్ తాడు పట్టుకుని మిషన్‌ని గాల్లో వేలాడదీయండి. కంప్రెషన్ బాగుంటే ఆగి ఆగి మెల్లగా దిగుతుంది. జర్రున జారిపోతే ఇంజిన్ అయిపోయినట్టే. రెండు, సైలెన్సర్ విప్పి లోపల పిస్టన్ చూడండి. నిలువు గీతలు ఉంటే ఆయిల్ తక్కువ కలిపి నడిపారని అర్థం. అలాంటిది ఎంత తక్కువకి ఇచ్చినా వదిలేయండి.

ఆయిల్ మాట వచ్చింది కాబట్టి చెప్తాను. ఇది టూ స్ట్రోక్ ఇంజిన్. 1:50 అని రాసి ఉంటే లీటర్ పెట్రోల్‌కి 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్. 1:25 అని ఉంటే 40 మిల్లీలీటర్లు. మీ మిషన్‌కి ఏదో మాన్యువల్ చూసి కలపండి. మందుల దుకాణంలో దొరికే సిరంజి పెట్టుకోండి, ఉజ్జాయింపుగా వంచొద్దు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. కలిపిన పెట్రోల్ నెలల తరబడి డబ్బాలో ఉంచకండి. కొన్నాళ్ళు పని లేదనుకుంటే ట్యాంక్ ఖాళీ చేసి, ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడిపి పక్కన పెట్టండి. కార్బురేటర్ రిపేర్ ఖర్చు తగ్గుతుంది.

చైన్‌కి పోసే ఆయిల్ వేరు. చాలామంది బైక్‌లోంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్ పోస్తారు, ఫ్రీగా వస్తుందని. అందులో అరిగిన ఇనుప రజను ఉంటుంది. అది పంపునీ, బార్‌నీ తినేస్తుంది. ఫ్రీ ఆయిల్ పోసి బార్ కొనుక్కోవడం అన్నమాట.

ఇక పదును. కోస్తుంటే ముక్కలు ముక్కలుగా పొట్టు రావాలి. పిండిలా మెత్తగా వస్తోందంటే చైన్ మొద్దుబారింది. అప్పుడు మిషన్‌ని చేత్తో నొక్కుతాం. నొక్కితే పెట్రోల్ ఎక్కువ, చేతులు గుంజుతాయి, అదుపు తప్పుతుంది. చిన్న మిషన్లలో వచ్చే సన్న రకం త్రీ బై ఎయిట్ చైన్‌కి 4 మి.మీ. గుండ్రటి ఆకురాయి, పాయింట్ త్రీ టూ ఫైవ్ చైన్‌కి 4.8 మి.మీ. ఆకురాయి వాడాలి. కొలత తప్పితే ఎంత రాసినా పదును రాదు. పెట్రోల్ పోసిన ప్రతిసారీ రెండు రాపిళ్ళు రాస్తే చాలు, సాయంత్రం గంటసేపు కూర్చునే పని ఉండదు.

ఇప్పుడు ఒంటి మీద వేసుకునే సామాను. ఇక్కడ కొంచెం ఎక్కువ టైమ్ తీసుకుంటాను.

చైన్ రంపంతో కిక్‌బ్యాక్ అని ఒకటి ఉంటుంది. బార్ ముక్కు పైభాగం దేనికైనా తగిలిందంటే, తిరిగే చైన్ మొత్తం మిషన్‌ని మన వైపు ఎగదోస్తుంది. కన్ను మూసి తెరిచేలోపు మొహం దగ్గరికి వస్తుంది. ముందు హ్యాండిల్ దగ్గర ఉండే చైన్ బ్రేక్ దాని కోసమే. అడ్డంగా ఉందని దాన్ని విప్పేసిన మిషన్ ఎవరిదైనా కనిపిస్తే దాన్ని ముట్టుకోకండి. మిషన్‌ని ఒంటి చేత్తో పట్టుకోవద్దు. భుజం కంటే పైకి ఎత్తి కోయొద్దు. నిచ్చెన మీద నిలబడి అసలు వాడొద్దు.

హెల్మెట్‌కే ముందు జాలీ, చెవులకి మఫ్‌లు కలిపి వచ్చేవి ఉన్నాయి. జాలీ వల్ల పొట్టు కంట్లో పడదు. చెవుల గురించి ఎవరూ పట్టించుకోరు. పెట్రోల్ చైన్ రంపం శబ్దం 100 డెసిబుల్స్ దాటుతుంది. రోజూ గంటల తరబడి వింటే వినికిడి పోతుంది, పోయింది తిరిగి రాదు.

రెండోది ప్యాంటు. చైన్ రంపం కోసమే తయారుచేసే ప్యాంట్లు, కాళ్ళకి ముందు కట్టుకునే చాప్స్ దొరుకుతాయి. లోపల పొడవాటి దారాల పొరలు ఉంటాయి. చైన్ తగలగానే ఆ దారాలు బయటికొచ్చి పళ్ళ చక్రానికి చుట్టుకుని చైన్‌ని ఆపేస్తాయి. క్లాస్ 1 అంటే సెకనుకి 20 మీటర్ల వేగంతో తిరిగే చైన్‌కి టెస్ట్ చేసిందని అర్థం, క్లాస్ 2 అయితే 24 మీటర్లు. ఒకసారి తెగితే దాని పని అయిపోయినట్టు, కుట్టించుకుని మళ్ళీ వేసుకోకూడదు. జీన్స్ ప్యాంటు ఈ పని చేయదు ఫ్రెండ్స్. లుంగీ సంగతి చెప్పక్కర్లేదు.

మూడోది పైకి ఎక్కే బెల్ట్, తాడు. కిరాణా షాపులో కొన్న ప్లాస్టిక్ తాడు కొమ్మలు కట్టడానికి కూడా అంతంత మాత్రమే. ఎండకి ఎండి లోపల పెళుసైపోతుంది, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది. మనిషి బరువు మోసే తాడు వేరే, కొమ్మ దించే తాడు వేరే. ఆ రెండూ ఎప్పుడూ కలవకూడదు. పైన రంపం ఆన్ చేసే ముందు మీరు చెట్టుకి రెండు చోట్ల కట్టి ఉండాలి. ఎందుకంటే ఒకటి పొరపాటున రంపంతో తెగినా రెండోది పట్టుకుంటుంది. అందులో ఒకటి లోపల స్టీల్ వైర్ ఉన్నదైతే ఇంకా మంచిది.

"ఇన్నేళ్ళుగా మోకుతో ఎక్కుతున్నాం, మాకు అవసరం లేదు" అనే అన్నలు ఉంటారు. గౌరవంగానే ఒక మాట. తాటిచెట్టు ఎక్కడంలో గీత కార్మికుల కంటే అనుభవం ఉన్నవాళ్ళు మన దగ్గర ఎవరున్నారు? తరతరాల పని వాళ్ళది. వాళ్ళకే తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. పని రాక కాదు కదా వాళ్ళు పడేది. పట్టు ఒక్కసారి జారితే చాలు. తేడా ఏంటంటే, వాళ్ళకి కిట్ ప్రభుత్వం ఇస్తోంది. ఇళ్ళ దగ్గర చెట్లు కొట్టేవాళ్ళు మాత్రం తమ రేటులోంచే కొనుక్కోవాలి.

ఆ రేటు ఇప్పుడు కడదాం. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి.

ముందు ఏడాదికి ఎన్ని రోజులు డబ్బులొచ్చే పని ఉంటుంది? వానలు, తడి బెరడు, పండగలు, బేరం కుదరని రోజులు, చూసి రావడానికి పోయిన రోజులు అన్నీ తీసేస్తే 150 అనుకుందాం. ఖర్చులన్నీ ఈ 150 రోజులే మోయాలి.

మిషన్ 24,000, రెండేళ్ళు నడుస్తుంది. 300 రోజులతో భాగిస్తే రోజుకి 80.
చైన్లు, బార్, ఆకురాళ్ళు కలిపి రోజుకి 100.
రిపేర్లు ఏడాదికి 6,000. రోజుకి 40.

ఈ మూడూ కలిపితే 220. ఇందాక చెప్పిన అరుగుదల ఇదే.

పెట్రోల్, రెండు రకాల ఆయిల్ 600.
బండి, టీలు 200.
ఇద్దరు హెల్పర్లు 1,800.
మీ కూలి 1,800. పైకి ఎక్కేవాడి కూలి హెల్పర్ కూలికి రెండింతలు ఉండటంలో తప్పేం లేదు.
ఇన్సూరెన్స్, ఫోన్ రీఛార్జ్, చిన్నా చితకా 100.

ఇక సేఫ్టీ సామాను. హెల్మెట్, ప్యాంటు, బెల్ట్, తాళ్ళు, బూట్లు, గ్లవ్స్ అన్నీ కలిపి 36,000 అనుకుందాం. చూడగానే గుండె గుభేల్‌మంటుంది. కానీ మూడేళ్ళు అంటే 450 పనిరోజులు. 36,000 భాగించు 450. ఎంత వచ్చింది? 80.

రోజుకి 80 రూపాయలు ఫ్రెండ్స్. 36,000 అంటే మన వల్ల కాదనుకుంటాం. 80 అంటే ఓనర్‌కి చెప్పే రేటులో కనపడను కూడా కనపడదు. ఈ 80 రేటులో పెట్టకపోతే ఆ ఖర్చు ఎక్కడికీ పోదు, మీ ఒంటి మీదికి వస్తుంది.

మొత్తం కూడితే 4,800. దాని మీద 25 శాతం, అంటే 1,200 వేయండి. ఇది ఆశ కాదు. పక్కింటి సిమెంటు రేకు పగిలితే, వాన పడి సగంలో ఆగితే, రేపు కొత్త మిషన్ కొనాలంటే అందుకు. ఆఫీసులో దీన్నే బఫర్ అనేవాళ్ళం, అది లేకుండా ఏ కంపెనీ రేటు చెప్పదు. మొత్తం 6,000. ఇది మీ ఒక రోజు ఖరీదు. ఈ నంబర్ మీకు మాత్రమే తెలియాలి, ఎవరికీ చెప్పక్కర్లేదు. సగం రోజు పనికి 3,000 అనొద్దు, 3,500 అనండి. ఎందుకంటే మిగతా సగం రోజు అమ్ముకోవడం కష్టం.

రోజు ఖరీదు తెలిశాక చెట్టు రేటు ఈజీ. ఈ చెట్టు ఎన్ని రోజుల పని? అంతే. ఆ అంచనాకి ఐదు విషయాలు చూడాలి.

ఒకటి, లావు. టేపుతో చుట్టుకొలత తీసుకుని 3.14తో భాగిస్తే అడ్డుకొలత వస్తుంది. పచ్చి కట్టె క్యూబిక్ మీటర్‌కి ఉజ్జాయింపుగా ఒక టన్ను అనుకోండి. 30 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న మొద్దు మీటర్ పొడవు కోస్తే సుమారు 70 కిలోలు. ఇద్దరు మోస్తారు. అదే 60 సెంటీమీటర్లయితే? 140 అనుకుంటాం. కాదు, 280 కిలోలు. లావు రెండింతలైతే బరువు నాలుగింతలు. "ఇది దానికి డబుల్ ఉంది, డబుల్ రేటు ఇస్తా" అంటే అక్కడే నష్టపోతాం.

రెండు, కింద ఏముంది? పొలం గట్టు మీద చెట్టు అయితే కొట్టి పడేయడమే. అదే చెట్టు కింద రేకుల షెడ్డు, తులసి కోట, కారు ఉంటే ప్రతి కొమ్మా తాడు కట్టి దించాలి. చెట్టు ఒకటే అయినా టైమ్ రెండు మూడింతలు. మీరు రేటు కట్టాల్సింది చెట్టుని చూసి మాత్రమే కాదు, అది పడే చోటుని కూడా చూసి.

మూడు, చెట్టు జాతి, ఆరోగ్యం. మునగ, నేరేడు, గుల్‌మొహర్ కొమ్మలు పెళుసు, చెప్పకుండా విరుగుతాయి. చింత కొమ్మ గట్టిది, కానీ చైన్‌ని తినేస్తుంది. మొదట్లో పుట్టగొడుగులు, తొర్రలు, ఎండిన కొమ్మలు ఉంటే పైకి ఎక్కొద్దు. క్రేన్ బకెట్ మాట్లాడండి, దాని బాడుగ ఓనర్‌కి విడిగా చెప్పండి.

నాలుగు, దారి. ట్రాలీ ఆటో లోపలికి వస్తుందా, లేక ప్రతి దుంగా సందులోంచి మోసుకురావాలా? ఒక్కోసారి కోయడానికి రెండు గంటలు, మోయడానికి నాలుగు గంటలు పడుతుంది.

ఐదు, రొట్ట ఎవరిది? కొమ్మలు, ఆకులు ఎవరు తీసుకెళ్ళాలన్నది ముందే మాట్లాడకపోతే సాయంత్రం గొడవ ఖాయం. ట్రాక్టర్ లోడ్ రేటు విడిగా పెట్టండి. "డబ్బులెందుకు బాబూ, కట్టె నువ్వే తీసుకుపో" అంటారు కొందరు. తీసుకునేముందు కట్టెల డిపోకి ఫోన్ చేసి రేటు అడగండి. అందులోంచి బండి ఖర్చు, లోడింగ్ తీసేయండి. మిగిలిందే దాని విలువ. కొన్ని జాతుల కట్టెకి అటవీ శాఖ రవాణా పర్మిట్ కూడా కావాలి.

ఇప్పుడు అందరి దగ్గరా వాట్సాప్ ఉంది కాబట్టి రేటు నోటితో చెప్పి వదిలేయకండి. చెట్టు ఫోటో తీసి, కింద ఇలా పెట్టండి. కావాలంటే స్క్రీన్‌షాట్ తీసుకోండి:

"నమస్తే సార్. మీ ఇంటి వెనక వేప చెట్టు, ఫోటోలో గీత గీసిన 6 కొమ్మలు కోయడానికి 6,000 రూపాయలు. తాడు కట్టి దించుతాం, షెడ్డు మీద పడకుండా చూసుకుంటాం. రొట్ట తీసుకెళ్ళాలంటే ట్రాక్టర్ లోడ్‌కి 1,500 అదనం. ఎక్కువ కొమ్మలు కోయమంటే ముందే రేటు మాట్లాడుకుందాం. పర్మిషన్ కావాలంటే అది మీ వైపు నుంచి. అడ్వాన్స్ 2,000. ఈ రేటు 15 రోజుల వరకు."

ఈ మెసేజ్‌లో అసలు బలం "6 కొమ్మలు" అన్న మాటలో ఉంది. ఎక్కాక "పనిలో పని ఆ కొమ్మ కూడా కొట్టెయ్ బాబూ" అనడం మామూలే. సాఫ్ట్‌వేర్‌లో కూడా సేమ్ టు సేమ్, "చిన్న చేంజే కదా" అంటారు. రాసి ఉంటే మీరు నవ్వుతూనే "తప్పకుండా సార్, దానికి ఇంత అవుతుంది" అనగలరు.

బేరం సంగతి. "పక్క వీధి అతను 3,000కే చేస్తానన్నాడు" అంటారు. అతన్ని తిట్టకండి. ఇలా చెప్పి చూడండి: "అమ్మా, ఆయన రేటు ఆయనది. మేము తాళ్ళు కట్టి దించుతాం, మీ రేకులు పగిలితే మాదే బాధ్యత. మీకు బడ్జెట్ తక్కువైతే షెడ్డు వైపు నాలుగు కొమ్మలు ఇప్పుడు తీద్దాం, మిగతావి తర్వాత చూద్దాం." అంటే రేటు తగ్గాలంటే పని తగ్గాలి. అదే పనికి రేటు తగ్గిస్తే మొదటి రేటు అబద్ధమని మీరే ఒప్పుకున్నట్టు.

పని నాణ్యత కూడా రేటుకి బలం. పెద్ద కొమ్మని ఒకే కోతతో పైనుంచి కోస్తే సగంలో విరిగి, బెరడు మాను దాకా చీల్చుకుపోతుంది. ముందు కొంచెం దూరంలో కింది నుంచి గాటు, తర్వాత దానికి కాస్త అవతల పైనుంచి కోత, చివరగా మిగిలిన మోడుని మాను దగ్గర ఉబ్బెత్తుగా ఉండే మెడ బయట కోయండి. ఆ మెడని కోయకుండా వదిలితే గాయం త్వరగా పూడుతుంది. ఇలా చేసిన చెట్టు ఫోటోలు ముందూ వెనకా తీసి స్టేటస్ పెట్టుకోండి. ఫ్రీ అడ్వర్టైజ్‌మెంట్.

రెండు చోట్ల మాత్రం ఎంత డబ్బిచ్చినా "ముందు ఇది తేలాలి" అనండి.

మొదటిది కరెంటు. కొమ్మ వైరుకి తగిలేలా ఉంటే లైన్ క్లియర్ లేకుండా ఎక్కొద్దు. పచ్చి కొమ్మలో నీరు ఉంటుంది, కరెంటు పాస్ అవుతుంది. వైరుని కొమ్మ తాకితే చాలు, మీరు తాకక్కర్లేదు. రెండు రాష్ట్రాల్లోనూ కరెంటు ఆఫీస్ హెల్ప్‌లైన్ 1912. ఓనర్‌తో అప్లై చేయించి, లైన్‌మన్ వచ్చి సప్లై ఆపాకే పని. "పర్లేదు, కరెంటు పోయినప్పుడు కొట్టేయ్" అంటారు. పోయిన కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు?

రెండోది పర్మిషన్. వాల్టా అని పిలిచే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. సొంత స్థలంలోని చెట్టైనా సరే, కొట్టేయాలంటే అధికారి అనుమతి కావాలి. కొన్ని జాతులకి మినహాయింపు ఉంది, మీ అటవీ శాఖ ఆఫీసులో అడిగితే చెప్తారు. రోడ్డు మీద చెట్టయితే మున్సిపాలిటీదో పంచాయతీదో. ఎర్రచందనం, గంధం జోలికి అసలు పోకండి. చెట్టు ఓనర్‌దే కావచ్చు, కానీ ఎవరైనా వచ్చేసరికి రంపం ఉన్నది మీ చేతిలో. పర్మిషన్ కాగితం ఫోటో మీ ఫోన్‌లో ఉండాలి.

చివరగా డబ్బులు, ఇన్సూరెన్స్. బ్యాంక్ అకౌంట్ ఉన్న ప్రతి ఒక్కరూ, 18 నుంచి 70 ఏళ్ళ మధ్య ఉంటే, ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరొచ్చు. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోతే, లేదా పూర్తి అంగవైకల్యం వస్తే 2 లక్షలు, పాక్షికమైతే 1 లక్ష. జూన్ 1 నుంచి మే 31 వరకు ఉంటుంది, ఆ టైమ్‌కి అకౌంట్‌లో 20 ఉండేలా చూసుకోండి. మీకే కాదు, మీ హెల్పర్లకి కూడా చేయించండి. కోనసీమ వైపు కొబ్బరి చెట్లు ఎక్కే అన్నలకి కొబ్బరి అభివృద్ధి బోర్డు వాళ్ళ కేర సురక్ష ఇన్సూరెన్స్ విడిగా ఉంది. సామాను కొనడానికి చేతిలో డబ్బు లేకపోతే, 50,000 వరకు తాకట్టు లేని ముద్ర లోన్‌లో శిశు కేటగిరీ ఉంది. నెలకి ఆరు రూపాయల వడ్డీకి తెచ్చేముందు బ్యాంక్‌లో ఒకసారి అడగండి.

అన్నీ ఒకేసారి కొనలేకపోతే వరుస చెప్తాను. మొదట హెల్మెట్, చేతిరంపం. తర్వాత బెల్ట్, తాళ్ళు. తర్వాత ప్యాంటు. పెద్ద మిషన్ ఆఖర్న. అప్పటిదాకా కింద చేసే పని తీసుకోండి, పైకి ఎక్కే పని వచ్చినప్పుడు సామాను ఉన్నవాళ్ళతో కలిసి చేయండి. ఒంటరిగా మాత్రం ఎప్పుడూ పోకండి. కింద ఒక మనిషి ఉండాలి, అతనికి 108కి ఫోన్ చేసి అడ్రస్ చెప్పడం రావాలి, బ్యాగులో గాయం మీద గట్టిగా నొక్కి కట్టడానికి గుడ్డలు ఉండాలి.

ఈ రోజు రాత్రి ఒక్క పని చేయండి. ఫోన్‌లో నోట్స్ తెరిచి మీ రోజు ఖరీదు లెక్క రాయండి. నా నంబర్ 6,000 వచ్చింది, మీది 4,500 రావచ్చు, 8,000 రావచ్చు. ఎంత వచ్చినా సేఫ్టీ సామాను లైన్ అందులో ఉందో లేదో చూసుకోండి. మీది ఏ ఊరు, మీ లెక్క ఎంత వచ్చిందో కామెంట్స్‌లో పెట్టండి, అందరికీ ఉపయోగపడుతుంది. మీ ఇంట్లోనో, మీ ఊర్లోనో చెట్ల పని చేసే అన్న ఉంటే ఈ వీడియో ఆయనకి వాట్సాప్ చేయండి. చెట్టు కొట్టించుకునే ఓనర్లు ఎవరైనా చూస్తుంటే, బేరం ఆడండి, తప్పు లేదు. కానీ ఆ రోజుకి 80 రూపాయల దగ్గర మాత్రం ఆడకండి.

నెక్స్ట్ వీడియోలో కలుద్దాం. అప్పటిదాకా జాగ్రత్త. బై ఫ్రెండ్స్.